తమ్ముడు కష్టం చెప్పుకుంటే నేను సూక్తి చెప్పాను

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకుడు ఎనిమిది పుటల ఉత్తరం రాశారు. ఆయన వయసు 52 ఏళ్ళు. జీవితం గురించి, మనుషుల తీరు గురించి తనకు తట్టిన చమత్కార వాక్యాలను నోట్‌బుక్కులో రాసుకోవడం ఆయనకు పంతొమ్మిదో ఏట మొదలైన అలవాటు. ఇప్పటికి పదకొండు నోట్‌బుక్కులు నిండాయి. కార్యాలయంలో ఎవరు పదవీ విరమణ చేసినా నాలుగు మంచి మాటలు చెప్పడానికి ఆయననే పిలుస్తారు. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక పూట ఆయన వాక్యం కనిపించకపోతే ఒంట్లో బాగాలేదా అని అడిగేవాళ్ళున్నారు. వాటిలోంచి మూడు వందలు ఏరి చిన్న పుస్తకంగా అచ్చు వేయించే పనిలో ప్రస్తుతం ఉన్నారు.

ఆరు వారాల కిందట, రాత్రి పది దాటాక, ఆయన తమ్ముడు వచ్చాడు. పదిహేడేళ్ళుగా పనిచేస్తున్న సంస్థవాళ్ళు ఇక రానక్కరలేదన్నారు, రెండు నెలల జీతం బాకీ పెట్టారు. ఇంట్లో భార్యకు చెప్పే ధైర్యం లేక తొమ్మిది రోజులుగా మామూలు వేళకే సంచి భుజాన వేసుకుని బయలుదేరుతున్నాడు. ఇరవై నిమిషాలు చెప్పి, ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. అప్పుడు అన్నగారు, "గడియ పడిందని దిగులెందుకురా, గడియ ఉండేది తలుపుకే కాని గోడకు కాదు" అన్నారు. తమ్ముడు నవ్వి, "బాగుందన్నయ్యా" అని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఆయన తలుపు గడియ వేసి వచ్చి, మరిచిపోతానేమోనని ఆ వాక్యాన్ని నోట్‌బుక్కులో రాసుకున్నారు. "గడియ" అన్నచోట "తాళం" అని మార్చి, బాగా లేదనిపించి, కొట్టేసి, మళ్ళీ "గడియ" అనే రాశారు.

అప్పటినుంచి తమ్ముడు ఫోనులో "బాగానే ఉన్నాను" తప్ప ఇంకో మాట మాట్లాడడం లేదు. "అతను అన్నయ్య కోసం వస్తే మీరు సభ పెట్టారు" అని ఆయన భార్య అన్నారు. ఇది జరిగిన పదిరోజులకు ఇంకొకటి బయటపడింది. కాలేజీలో చదివే కూతురు ఒక సబ్జెక్టు తప్పిన సంగతి తల్లికి మాత్రమే చెప్పింది. తనకెందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వేమంటావో నాకు ముందే తెలుసు నాన్నా. బాగానే అంటావు. అందుకే చెప్పలేదు" అన్నదట. తమ్ముడితో తానన్న మాటలో తప్పేముంది, క్షమాపణ చెప్పాలా, ముప్పై మూడేళ్ళ అలవాటును మానుకోవాలా, పుస్తకాన్ని తమ్ముడికి అంకితమిస్తే మనసు కరుగుతుందా అన్నవి ఆయన ప్రశ్నలు.

సమాధానం:

మీ వాక్యం సంగతి ముందు చూద్దాం, మీరు ముందుగా అడిగింది దాని గురించే కనుక. అది మంచి వాక్యమే. గడియ, గోడ అన్న మాటలు ఒకదాన్ని ఒకటి పిలుచుకున్నాయి, నిరాశగా కనిపించే వస్తువులోనే దారిని చూపించాలన్న ఆలోచన కూడా చక్కగా ఉంది. "తాళం" కొట్టేసి మంచిపని చేశారు, దాంతో వాక్యం కుంటుపడేది. అయితే చెవికి ఇంపుగా ఉన్న మాట నిజం కూడా అయి ఉంటుందని నమ్మడం మనుషులందరికీ ఉన్న బలహీనత. మెక్‌గ్లోన్, టోఫిగ్‌బక్ష్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అంత్యప్రాస ఉన్న సూక్తులను, అదే అర్థంతో ప్రాస లేకుండా మార్చిన సూక్తులను చదివించి చూస్తే, ప్రాస ఉన్నవే ఎక్కువ నిజమని చదివినవాళ్ళకు తోచింది. తెలుగువాళ్ళకు దీనికి పరిశోధన కూడా అక్కరలేదు. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్న సామెతలో ఊరు తీసేసి పట్టణం పెట్టి ఒకసారి పలికి చూడండి, సత్యం సగానికి సగం తగ్గిపోయినట్టు అనిపిస్తుంది. ఆ రాత్రి మీరు కూడా మీ వాక్యంలోని శబ్దానికి లొంగిపోయి, దాని అర్థాన్ని తమ్ముడి పరిస్థితికి ఆనించి చూసుకోలేదు.

ఆనించి చూసి ఉంటే ఒక చిక్కు కనిపించేది. ఇళ్ళలో రాత్రిపూట గడియ వేసేది లోపలినుంచి. లోపల ఉన్నవాడికి గడియ అంటే చెయ్యి చాపితే తెరుచుకునేది. మీ తమ్ముడు బయట నిలబడి ఉన్నాడు. బయట ఉన్నవాడికి, లోపల గడియ పడిన తలుపుకూ గోడకూ పెద్ద తేడా లేదు, పైగా గోడను ఎవరూ తన ముఖాన వేయలేదు, తలుపును వేశారు. మీది లోపల నిలబడినవాడికి తట్టే పోలిక. ఉద్యోగం భద్రంగా ఉన్న మనిషి నోట అది వినగానే ఆయనకు మొదట తెలిసి ఉండేది ఈ దూరమే. ఆయన నవ్వి "బాగుందన్నయ్యా" అన్నారంటే, అన్న ముచ్చటపడే వస్తువును కాదనడం ఇష్టంలేక అన్నారని నాకు తోస్తోంది.

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాక, కొంచెం మొరటైన పని ఒకటి చేశాను, పంక్తులు లెక్కపెట్టాను. ఆ వాక్యం ఎలా తట్టింది, ఏ మాట మార్చారు, ఎందుకు కొట్టేశారు అన్నవాటికి పదమూడు పంక్తులు వెచ్చించారు. తమ్ముడు చెప్పినదానికి నాలుగు. ఆయన తొమ్మిది రోజులు సంచి వేసుకుని బయలుదేరిన సంగతి ఒక పొడుగాటి వాక్యం మధ్యలో, "భార్యకు చెప్పలేక" అన్న మాట పక్కన, జారిపోతూ కనిపించింది. మిమ్మల్ని నొప్పించాలని ఇది చెప్పడం లేదు. ఆ ఇరవై నిమిషాల్లో చివరి ఐదు నిమిషాలు మీరు తమ్ముడి మాట విన్నారా, మీలో తయారవుతున్న వాక్యాన్ని విన్నారా అన్నది మీకు మాత్రమే తెలిసిన విషయం, మిమ్మల్ని మీరు అడుక్కోవలసినది కూడా అదే. అలవాటు ఉన్నవాళ్ళకు వాక్యం ఒక్కసారిగా ఊడిపడదు. మాట వింటున్నట్టే తల ఊపుతూ, లోపల ఒక మాట పక్కన ఇంకో మాట పెట్టి చూసుకుంటారు. ఎదుటివాడు ఆగగానే చోటు దొరికిందని వదులుతారు. మీ తమ్ముడు చెప్పడం ముగించాడని మీరు రాశారు. ఊపిరి తీసుకోవడానికి ఆగాడని కూడా మీరే రాశారు.

మీరు తెలుగు బాగా చదువుకున్నవారిలా ఉన్నారు కనుక అర్థాంతరన్యాసాలంకారం గుర్తు చేస్తాను. బడిలో అందరం వల్లించిన ఉదాహరణే: హనుమంతుడు సముద్రమును దాటెను, మహాత్ములకు సాధ్యము కానిది కలదా? ఒక విశేషాన్ని, అంటే ఒకరి విషయంలో జరిగినదాన్ని, అందరికీ వర్తించే ఒక సామాన్య వాక్యంతో సమర్థించడం అందులోని సొగసు. ఈ ఉదాహరణలో వరుసను చూడండి, ముందు హనుమంతుడు సముద్రం దాటాలి. వంద యోజనాల నీళ్ళూ, దారిలో అడ్డుపడినవాళ్ళూ, అవతలి గట్టూ అన్నీ అయ్యాక మహాత్ముల సంగతి. అలంకార శాస్త్రం ఈ వరుసను తారుమారు చేయడానికి కూడా ఒప్పుకుంటుంది, సామాన్యం ముందు వచ్చి విశేషం దాన్ని బలపరచవచ్చు. కాని రెండూ ఉండి తీరాలి. మీరు చేసిందేమిటంటే, తమ్ముడు ఇంకా ఒడ్డునే నిలబడి నీళ్ళ లోతు చెబుతుండగా సముద్రాల స్వభావం మీద ఒక సామాన్య వాక్యం చెప్పి సభ చాలించారు. ఆయన విశేషం సగంలోనే ఉండిపోయింది.

సూక్తికి దాని చోటు లేదని నేననను. ఫ్రెంచి రచయిత లా రోష్‌ఫూకో మనిషి స్వభావం మీద చెక్కిన వాక్యాలను 1665లో మొదటిసారి తానే పుస్తకంగా వేయించాడు. తన జీవితకాలంలోనే అయిదు ముద్రణల్లో వాటిని మారుస్తూ, తీసేస్తూ, చేరుస్తూ పోయాడు. 1678 నాటి ముద్రణలో 504 ఉన్నాయి. మీ గడియ, తాళం అవస్థ ఆయనకు బాగా తెలుసునన్నమాట. ఆ వాక్యాలు తయారైంది మిత్రుల గోష్ఠిలో. ఒకరు ఒకటి అంటే ఇంకొకరు దాన్ని సవరించి తిరిగి పంపే సరదా అది, తీరికగా, సమఉజ్జీల మధ్య సాగేది. అక్కడ కూర్చున్నవాళ్ళలో ఎవరూ ఆ పూట ఉద్యోగం పోగొట్టుకుని వచ్చినవాళ్ళు కారు. చిత్రమేమిటంటే మీ ఉత్తరానికి కావలసిన మాట కూడా ఆయనే అన్నాడు: ఇతరుల కష్టాలను ఓర్చుకోగలిగినంత బలం మనందరికీ ఉంది. దీన్ని మీ నోట్‌బుక్కులో ఎక్కించుకోవాలని అనిపిస్తే, తమ్ముడి ముందు మాత్రం చదవకండి.

మన వేమన్న పద్యాన్నీ గమనించండి. లోకాన్నంతా చెరిగి పోసి, చివరి పాదంలో "వినుర వేమ" అంటాడు. విశ్వదాభిరాముడెవరన్నదాని మీద పండితులకు వాదాలున్నాయి కాని, పద్యం వినమని పిలిచేది మాత్రం వేమననే. చురక మొదట తగిలేది తనకే. సుమతి శతకంలోనూ పద్యం చెప్పేది "సుమతీ" అని పిలిపించుకోదగిన మనిషికి, అంటే వినే స్థితిలో ఉన్నవాడికి. వినే స్థితి అన్నది బుద్ధిని బట్టి మాత్రమే వచ్చేది కాదు, వేళను బట్టి కూడా వస్తుంది. అయినా సామెతల్లో, సూక్తుల్లో ఎంత లోకజ్ఞానం ఉన్నా అవి మన బదులు నిర్ణయం చేయలేవు. "ఆలస్యం అమృతం విషం" అన్నవాళ్ళే "నిదానమే ప్రధానం" అని కూడా అన్నారు. భార్యకు వెంటనే చెప్పేయాలా, ఇంకో ఉద్యోగం దొరికాక చెప్పాలా అన్న తమ్ముడి చిక్కుకు రెండూ సరిపోతాయి, రెండూ అక్కరకు రావు.

మరి మీరు రాయిగుండె మనిషా? కాదనే అనుకుంటున్నాను. తమ్ముడికి ఉద్యోగం ఇప్పించడం మీ చేతిలో లేదు, బాకీ జీతం రాబట్టడం లేదు, పదిహేడేళ్ళు వెనక్కి తేవడం అసలే లేదు. చేతిలో ఏమీ లేనప్పుడు మనిషి నోటిలో ఉన్నది ఇస్తాడు. (చూశారా, నాకూ ఒకటి వచ్చేసింది. సలహాలు రాసేవాళ్ళకు ఈ జబ్బు మీకంటే తక్కువేమీ కాదు. ఒకసారి ఒక పాఠకురాలికి చాలా అందమైన వాక్యంతో సమాధానం ముగించి మురిసిపోతుంటే, ఆమె వారంలోగా తిరిగి రాశారు: "చివరి వాక్యం బాగుందండీ. రేపు పొద్దున నేనేం చేయాలో మాత్రం అర్థం కాలేదు.") కనుక ఇప్పుడు రేపటి సంగతికి వద్దాం.

క్షమాపణ చెప్పాలా అన్నారు. చెప్పవచ్చు. నేరుగా, ఎదురుగా కూర్చుని, "ఆ రోజు నువ్వు చెబుతుంటే నేను సరిగా వినలేదురా" అన్నంత పొట్టిగా చెబితే అది మంచి క్షమాపణే. దానిలో ఒక ఇబ్బంది ఉంది. తమ్ముళ్ళు సాధారణంగా "అదేం లేదన్నయ్యా" అని ఆ సంగతిని అక్కడికక్కడే మూసేస్తారు. మీకు బరువు దిగిపోతుంది, ఆయన బరువు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, పైగా మీ బాధను సముదాయించే పని కూడా ఆయన మీద పడుతుంది. అందుకని క్షమాపణ చెప్పినా, అక్కడ ఆగకుండా ఉండగలరా అన్నది ముందే చూసుకోండి. ఫోనులో గాని, నలుగురూ ఉన్న గ్రూపులో గాని మాత్రం ససేమిరా వద్దు. మీ మరదలికి ఈ సంగతి ఇప్పటికైనా తెలిసిందో లేదో మీకు తెలియదని ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది. మీ పశ్చాత్తాపం ఆయన రహస్యాన్ని బయటపెట్టకూడదు.

క్షమాపణ ఊసే ఎత్తకుండా, ఆగిన చోటినుంచి మొదలుపెట్టడం ఇంకో దారి. ఆయనతో ఒంటరిగా ఉన్నప్పుడు, ఆయన చెప్పినవాటిలోని ఒక కచ్చితమైన వివరాన్ని పట్టుకుని అడగండి. "ఎలా ఉన్నావు" అంటే "బాగానే ఉన్నాను" అనే వస్తుంది, ఆరు వారాలుగా వస్తున్నది అదే కదా. "ఆ రెండు నెలల జీతం గురించి కాగితం మీద ఏమైనా ఇచ్చారా" అంటే వేరే జవాబు వస్తుంది. ఆయన చెప్పినది మీకు గుర్తుందని ఆ ప్రశ్నే తెలియజేస్తుంది, దాన్ని మించిన క్షమాపణ వాక్యం మీ పదకొండు నోట్‌బుక్కుల్లోనూ ఉండకపోవచ్చు. దీనిలోనూ నష్టం లేకపోలేదు. మొదటిసారి ముభావంగానే జవాబివ్వవచ్చు, జాలిపడుతున్నావని చిరాకు పడవచ్చు, రెండు మూడుసార్లు వెళ్ళవలసి రావచ్చు. మీకు కష్టమైన భాగం ఇంకోటి ఉంది, ఆయన ఆగినప్పుడు మీరు కూడా ఆగి ఉండాలి. ఆ నిశ్శబ్దం మీకు ఖాళీగా, ఏదో ఒకటి పెట్టి నింపవలసిన చోటుగా తోస్తుంది. అక్కడ ఏమీ పెట్టకండి. తప్పనిసరిగా నోరు తెరవాలనిపిస్తే "తరవాత?" అనండి. ఈ రెండు దారుల్లో నన్ను ఎంచమంటే రెండోదే ఎంచుతాను, కాని మీ తమ్ముడి స్వభావం తెలిసింది మీకు.

డబ్బు సాయం గురించి మీరు అడగలేదు, నేనూ ఎక్కువ చెప్పను. ఇవ్వగలిగితే ఎంత ఇవ్వగలరో ముందే లెక్క చూసుకుని, అడిగినా అడగకపోయినా ఒకసారి చెప్పి వదిలేయండి.

అలవాటు మానేయాలా అన్నదానికి వస్తాను. మానేస్తే ఏం జరుగుతుందో ఊహించండి. పొద్దున గ్రూపులో మీ వాక్యం రాదు, అందరూ కారణం అడుగుతారు, మీరు చెప్పరు, తమ్ముడు మాత్రం తన వల్లే అన్నయ్య అలిగాడనుకుంటాడు. మౌనవ్రతం కూడా ఒక ప్రకటనే అవుతుంది. పైగా మీ ఇంట్లోవాళ్ళకు మీ చమత్కారం మీద ద్వేషం ఉన్నట్టు నాకు కనిపించడం లేదు. మీ అమ్మాయి "బాగానే అంటావు" అన్నది, ఎగతాళిగా అన్నదని మీరు అనుకున్నారు, నాకు మాత్రం అందులో ఒప్పుకోలు కూడా వినిపించింది. తండ్రి మాటకారి అన్న సంతోషం ఆ పిల్లకు ఉంది. సబ్జెక్టు తప్పిన రోజున ఆమెకు మాటకారి అక్కరలేదు, అంతే. వాక్యాలు రాసుకోండి, పంచుకోండి, పదవీ విరమణ సభల్లో మాట్లాడండి. ఎవరైనా తన కష్టం చెప్పుకునేటప్పుడు తట్టినవాటిని మాత్రం ఆ రోజు రాసుకోకుండా వదిలేయడం వీలవుతుందేమో చూడండి. నిజంగా మంచిదైతే నెల తరవాత కూడా గుర్తుంటుంది. మరిచిపోతే పోయిందేమీ లేదు. ఇది మీకు చాలా కఠినమైన నియమంగా తోస్తే, కనీసం గడప దాటేదాకా ఆగండి. ఆ రాత్రి ఆయన వీధి మలుపు తిరిగి ఉంటాడో లేదో, మీరు కలం తీశారు.

అమ్మాయితో ఇప్పుడు ఆ సబ్జెక్టు సంగతి తవ్వకండి. తల్లికి చెప్పింది చాలు, అది మీ ఇంట్లోనే ఉంది. ఇంకో చిన్న సంగతి ఏదైనా మీ దగ్గరికి తెచ్చినప్పుడు, జవాబు చెప్పే ముందు ఒక ప్రశ్న అడిగి చూడండి. ఆమె ముందే ఊహించి పెట్టుకున్న మీ వాక్యం రాకపోతే, ఆ ఆశ్చర్యంలో ఇంకాస్త చెబుతుంది.

ఇక పుస్తకం, అంకితం. అచ్చు వేయించండి, దానికీ దీనికీ ముడి పెట్టకండి. తమ్ముడికి అంకితమివ్వాలన్న ఆలోచన ప్రేమతో వచ్చిందే అయినా, దాని పర్యవసానాలు మీరు చూడలేదనిపిస్తోంది. "కష్టకాలంలో" అన్న ఒక్క మాట అంకితంలో పడితే చాలు, బంధువులంతా ఏ కష్టమని ఆరా తీస్తారు. ఆ మాట లేకుండా ఉత్త పేరు వేసినా, మూడు వందల సూక్తుల పుస్తకం చేతిలో పెట్టడమంటే ఆ రాత్రి ఒకటి ఇచ్చినచోట ఇప్పుడు మూడు వందలు ఇచ్చినట్టు ఆయనకు తోచే ప్రమాదముంది. అందరి ముందు ఇచ్చిన కానుకను ఎవరూ వద్దనలేరు, ఆయన ఇంకోసారి నవ్వి "బాగుందన్నయ్యా" అనవలసి వస్తుంది. గడియ వాక్యాన్ని ఏం చేయాలన్నది వేరే సంగతి. తీసేయవచ్చు, తీసేస్తే పుస్తకానికి లోటేమీ రాదు. ఉంచాలని ఉంటే, రాకపోకలు మామూలయ్యాక ఆయననే అడగవచ్చు. అడిగితే ఉంచమనే అంటారు, కనుక ఆ జవాబుకు ఎంత విలువ ఇవ్వాలో మీరే ఆలోచించుకోవాలి. నా మట్టుకు నేనైతే ఈ ముద్రణకు పక్కన పెట్టేస్తాను. మంచి వాక్యాన్ని వదులుకోవడం మీకెంత కష్టమో నాకు తెలుసు, తమ్ముడికి ఎన్నడూ తెలియకపోవచ్చు కూడా.

మళ్ళీ ఉత్తరం రాయాలనిపిస్తే తప్పకుండా రాయండి. అందులో ఆ బాకీ ఏమయిందో చెప్పండి. ఉత్తరం రెండుసార్లు చదివినా నాకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది, బహుశా మీకూ తెలియదు: ఆ తొమ్మిది రోజులూ మీ తమ్ముడు పొద్దున సంచి వేసుకుని బయలుదేరి, సాయంత్రందాకా ఎక్కడ కూర్చున్నాడు?